ఇంధన భద్రతకు 90 రోజుల నిల్వే కొలమానమా?

తీరరేఖ: దేశ ఇంధన భద్రతను అంచనా వేసి పదేళ్ల ప్రణాళిక రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? అంతర్జాతీయ ఇంధన సంస్థ సభ్యదేశాలకు 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా చమురు నిల్వ ఉండాలంటుంది. అదే కొలమానంగా పెట్టుకుంటే చాలదా?

చమురుబావి: చాలు. 1973లో అరబ్ దేశాలు పెట్టిన చమురు ఎగుమతి నిషేధం దెబ్బకు పుట్టిన సంస్థ అది, ఊరికే పెట్టలేదు. రోజుకు 10 లక్షల బ్యారెళ్లు వాడి, అందులో 6 లక్షలు దిగుమతి చేసుకునే దేశానికి 540 లక్షల బ్యారెళ్లు కావాలి. ట్యాంకు అడుగున మిగిలిపోయేదాని కింద 10 శాతం కొట్టేస్తారు కాబట్టి 600 లక్షలు నింపాలి. ముందు ఆ ట్యాంకులు కట్టండి.

లెక్కలమాష్టారు: అదే నిల్వను మొత్తం వాడకంతో భాగిస్తే 54 రోజులే వస్తుంది.

చమురుబావి: సొంత బావులు ఎక్కడికీ పోవు కదండీ. లోటు 6 లక్షలే.

గ్రిడ్‌కాపరి: 54, 90 పక్కన పెట్టండి. రోజుకు ఎంత తోడగలరు? పంపులు, పైపులైన్లు కలిపి 3 లక్షలే ఇస్తే, ఓడలు ఆగిన రోజు నుంచే లోటులో సగం తీరదు. ట్యాంకులు నిండుగానే ఉంటాయి, బంకుల ముందు క్యూలూ ఉంటాయి. గంధకం ఎక్కువున్న ముడిచమురు నిల్వచేసి, రిఫైనరీలో గంధకం తీసే యూనిట్ చిన్నదైతే ఆ 3 లక్షలు కూడా డీజిల్‌గా మారవు. అమెరికా ఉప్పు గుహల నిల్వకే తోడే పరిమితి రోజుకు 44 లక్షల బ్యారెళ్లు. ఆదేశం వచ్చాక చమురు మార్కెట్‌కి చేరడానికి 13 రోజులు.

చమురుబావి: పంపు పెంచుకోవచ్చు. లేని చమురును ఏ పంపూ తోడదు.

పవనగిరి: సోలార్, విండ్ పెంచితే ఈ గొడవే ఉండదు.

గ్రిడ్‌కాపరి: దిగుమతి తగ్గుతుంది, నిజమే. కానీ సాయంత్రం వాడకం ఒక్కసారిగా పెరిగే పీక్ ఎవరు మోస్తారు? పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది రావడానికి ఏళ్లు పట్టొచ్చు, స్పేర్ ఉందా?

సరఫరాదారుల లెక్కా ఇంతే. ఐదు దేశాల నుంచి 30, 25, 20, 15, 10 శాతం కొంటే హెర్ఫిండాల్ సూచీ (కొనుగోళ్లు ఎంత కొద్దిమంది మీద ఆధారపడ్డాయో చెప్పే లెక్క, ఒక్కరే అయితే 10,000) 2,250, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ ఐదింటి ఓడలూ హోర్ముజ్ జలసంధి అనే ఒకే ఇరుకు దారి దాటే రావాలంటే దారి లెక్కన అదే సూచీ 10,000.

చమురుబావి: ఏ చర్చనైనా చివరికి కరెంటు మీదికి లాగుతారు మీరు. అడిగింది నిల్వ గురించి.

గ్రిడ్‌కాపరి: లాగక తప్పదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు భూమిలో గ్యాస్‌కి కొదవా? చలికి బావుల దగ్గర పరికరాలు గడ్డకట్టాయి. గ్రిడ్ మీద లోడ్ తగ్గించాలని కోసిన ఫీడర్లలో (కరెంటు లైన్లలో) గ్యాస్‌ను పైపుల్లో నెట్టే కంప్రెసర్లవీ ఉన్నాయి, ఎందుకంటే వాటిలో చాలావాటిని కోయకూడని అత్యవసర లోడుగా నమోదే చేయించలేదు. దాంతో ప్లాంట్లకు గ్యాస్ ఇంకా తగ్గింది. 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.4 కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు ఉంటే ప్లాంట్లు వాటంతటవే ట్రిప్పయి ఆగిపోయేవి. ఏ నిల్వ కాపాడేది చెప్పండి?

చమురుబావి: ఇప్పుడు బయటపడింది మీ మనసులో మాట. ఎవరికి కోయాలో ముందే రాసుకోమంటున్నారు. అది ప్రణాళిక కాదు, చేతులెత్తేయడం. కోతల జాబితా ఒకటి చేతిలో ఉంటే ఏ ఆర్థిక శాఖా ట్యాంకులకు డబ్బివ్వదు.

గ్రిడ్‌కాపరి: జాబితా లేకపోతే కొరత రోజున పలుకుబడి ఉన్నవాడికే డీజిల్. ఆసుపత్రులు, నీటి పంపులు, కంప్రెసర్లు, టెలికాం టవర్లు ఏ ఫీడర్ మీద ఉన్నాయో ఏడాదికోసారి సరిచూడాలి. ట్యాంకులు వద్దని నేనెక్కడా అనలేదు.

తీరరేఖ: మరి ఎరువుల కర్మాగారం ఆ జాబితాలో ఎక్కడ? గ్యాస్ ఆపితే దెబ్బ ఇవాళ కాదు, వచ్చే పంటకు తెలుస్తుంది.

గ్రిడ్‌కాపరి: అమోనియా ప్లాంటును ఉన్నపళంగా ఆపితే మళ్లీ ఎక్కించడానికి రోజులు పడుతుంది. కాబట్టి పూర్తిగా కోయకూడదు, కనీస లోడు మీద నడిపించాలి. ఆ కనీసం ఎంతో ప్లాంటువాళ్ల దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

చమురుబావి: ఆ కనీసానికి సరిపడా గ్యాస్ ఎన్ని రోజులకు నిల్వ పెడతారో అదీ రాయండి.