యుకులేలే నేర్చుకునేవాళ్లు ఆ వాద్యంలో ఆరితేరిన జేక్ షిమబుకురో వీడియోలు చూడొచ్చా?

కొత్తచేయి: యుకులేలే (చిన్న గిటార్‌లాంటి నాలుగు తీగల వాద్యం) మొదలుపెట్టి చాలా నెలలైంది. ఈ-మేజర్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) ఇప్పటికీ పలకడం లేదు. ఉంగరపు వేలు నాలుగో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డగీతల మధ్య గడిలో) పై మూడు తీగలను నొక్కాలి, కింది తీగను తాకకూడదు. నాకు ప్రతిసారీ తగిలి ఆ తీగ మూగబోతుంది. రాత్రి జేక్ వాయించింది చూస్తే ఆశ పుడుతుంది, పొద్దున్నే దిగులు. చూడటం మానేయమని ఒక మిత్రుడి సలహా. మీరేమంటారు?

తంత్రి: మానేయండి. ఆయన హొనొలులులో పుట్టి, నాలుగేళ్ల వయసులో తల్లి దగ్గర మొదలుపెట్టిన మనిషి. పెద్దయ్యాక పట్టుకున్నవాళ్లకు ఆయనతో పోలికేమిటి? సి, ఎఫ్, జి7, ఏ-మైనర్ కార్డులు వస్తే బోలెడు పాటలు పాడుకోవచ్చు.

మధ్యలయ: నేను రోజూ చూస్తాను. నాకేం టెన్షన్ లేదు.

కొత్తచేయి: పోల్చుకుంటున్నానని ఎవరన్నారు? సెంట్రల్ పార్కులో ఆయన బీటిల్స్ పాట వాయించిన వీడియో 2006లో యూట్యూబ్‌లోకి వచ్చాకే కదా, ఈ నాలుగు తీగల్లో ఇంత ఉందని చాలామందికి తెలిసింది!

తంత్రి: సరే, ఈ-మేజర్ సంగతి చూద్దాం. 4442 (పై తీగ నుంచి వరుసగా నొక్కాల్సిన ఫ్రెట్‌లు, 0 అంటే ఖాళీ తీగ) బదులు 1402 పట్టండి, అవే స్వరాలు. వేళ్లు పొట్టివైతే అదే మేలు.

పక్కవాద్యం: 1402 ఇంకా కష్టం. ఒకటి నుంచి నాలుగో ఫ్రెట్‌కు వేళ్లు సాగాలి.

తంత్రి: సాధన చేస్తే సాగుతాయి.

కొత్తచేయి: వేళ్ల మాట ఎత్తకండి. నాకు మొదట నేర్పిన మాస్టారు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని "ఈ వేళ్లకు స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) చాలు" అన్నారు. మీరూ అదే అంటున్నారు. వయసైంది, వేళ్లు పొట్టివి, నాలుగు కార్డులతో సరిపెట్టుకో!

తంత్రి: నేనలా అన్లేదండీ. నలుగురూ కూర్చుని పాడుకుంటుంటే పక్కన మోగడానికే ఈ వాయిద్యం నాకిష్టం. జేక్‌ను చూసి, అలా రాలేదని యుకులేలే అటకెక్కించినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. మా తమ్ముడు. ఎంత బతిమాలినా మళ్లీ ముట్టుకోలేదు. అందుకే నాకు కోపం.

కొత్తచేయి: తమ్ముడి సంగతి విని బాధేసింది. కానీ నాకు పాడే గొంతు లేదు. కార్డులు మోగించి నేనేం పాడను? జేక్ నోరు విప్పకుండా పాటంతా తీగల మీదే పలికిస్తారు. నాకు కావలసింది అదే, ఒక్క పాటైనా సరే.

తంత్రి: ఆ మాట మొదటే చెప్పాల్సింది. అయితే పై తీగ మార్చి లో-జి (మామూలు జి కన్నా కింది స్థాయిలో మోగే తీగ) వేసుకోండి, కింది స్వరాలు దొరుకుతాయి.

పక్కవాద్యం: జేక్ వాయించేది హై-జి (మామూలు పై స్థాయి జి తీగ) ఉన్న టెనర్ (కాస్త పెద్ద సైజు యుకులేలే) మీదే. మార్చక్కర్లేదు. సి తీగ ఖాళీగా, తర్వాత దాని రెండో ఫ్రెట్, ఈ (E) తీగ ఖాళీగా, దాని మొదటి ఫ్రెట్, ఆపైన జి తీగ ఖాళీగా మీటండి. తీగ మారిన చోటల్లా ఒక స్వరం మోగుతుండగానే ఇంకోటి కలుస్తుంది. ఈ-మేజర్‌తో పనే లేదు.

తంత్రి: లో-జి అయితే నిండుగా ఉంటుంది. ఆ మాట మీద నేను కదలను.

కొత్తచేయి: ముందు హై-జి మీదే చూస్తాను. వీడియోలు మాత్రం మానను.