వేలంపాటలో సర్పంచి పదవి: ఊరంతా ఒప్పుకుంటే ప్రజాస్వామ్యమేనా?

ప్రశ్న (దేవరకొండ దిక్కు)
మా ఊళ్లో సర్పంచి ఎన్నికలప్పుడు పెద్దమనుషులు బొడ్రాయి దగ్గర కూర్చుని పదవికి వేలం పెట్టారు. ఎక్కువ పాడినాయనే నామినేషన్ వేశాడు, ఇంకెవరూ వేయలేదు. ఏకగ్రీవం. పైసలు గుడికి. మందు లేదు, కొట్లాట లేదు. "ఊరంతా ఒప్పుకున్నాక నీ బాధేంది రా?" అంటాడు మా బాపు. తప్పనే అనిపిస్తోంది గానీ ఎందుకో చెప్పలేకపోతున్నా. చట్టం సంగతి నాకు తెలుసు, న్యాయం సంగతి అడుగుతున్నా.

మిర్యాలగూడ నుంచి
ఏం తప్పు లేదు తమ్మీ. ఓటుకింత అని పంచినా గెలిచేది పైసలే. అది చిల్లర బేరం, ఇది టోకు బేరం. కనీసం గుడి మిగిలింది.

నాగర్‌కర్నూల్, రిటైర్డ్ లెక్చరర్
అన్నా, మీరు చెప్పింది జరుగుతున్నది. తమ్ముడు అడిగింది జరగాల్సింది. జరిగేదే ప్రజాస్వామ్యం అనుకుంటే ఓటుకు నోటు తప్పని కూడా అనలేం కదా.

ప్రజాస్వామ్యమంటే జనం ఓట్ల కోసం నాయకులు పోటీపడటమే, అంతకు మించి ఆశించొద్దన్నాడు ఆర్థికవేత్త షుంపీటర్, 1942లో. అంత చిన్న కొలతకు కూడా మీ ఏకగ్రీవం అందదు, పోటీయే లేదు కాబట్టి. ఇక తత్వవేత్త రూసో 1762లోనే ఏకగ్రీవాలు రెండు రకాలన్నాడు: అందరి మనసూ నిజంగా ఒకటైనప్పుడు వచ్చేది ఒకటి, భయంతోనో ముఖస్తుతితోనో చప్పట్లు కొట్టినప్పుడు వచ్చేది ఇంకొకటి.

మీది ఏ రకమో తేల్చాలంటే బొడ్రాయి దగ్గర ఎవరెవరు ఉన్నారో చూడండి. ఆడవాళ్లు ఎందరు? రేపు కూలికి పిలవాల్సిన ఆసామి ఎదురుగా కూర్చుంటే వద్దని ఎవరంటారు? మా పాలమూరు వాళ్లు పుణె, ముంబైలో పనుల మీద ఉంటారు. పోలింగ్ అయితే బస్సెక్కి వచ్చి లైన్లో నిలబడతారు (టికెట్ పైసలు ఎవరివన్నది వేరే ముచ్చట). వేలానికి వాళ్లకు ఫోనైనా చేయరు. రిజర్వుడు సీటైతే మరీ ఘోరం. పైసలున్నాయన పాడి, తన జీతగాణ్ణి కుర్చీలో కూర్చోబెడతాడు.

మర్రిగూడ నుంచి
1996లో మన నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీ చేశారు. గెలుస్తామని కాదు, ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఓడిపోతామని తెలిసీ నిలబడటం కూడా హక్కే సార్. వేలంలో అమ్ముడుపోయింది సర్పంచి కుర్చీ ఒక్కటే కాదు, మిగతా అందరి నామినేషన్లు కూడా. ఎవరి హక్కును ఎవరు అమ్మారు?

ప్రశ్న అడిగినవాడిని
ఈ చివరి మాటే బాపును అడిగా. కాసేపు ఆలోచించి, "సరే, మరి గుడికి స్లాబు పడ్డది, ఆ పైసలు ఎవరు వాపసిస్తరు?" అన్నాడు. దీనికేం చెప్పాలో కూడా చెప్పండి.