ఇంటిల్లిపాదికీ ఒకటే పేస్ట్ ట్యూబ్: ఎవరికి ఏం మార్చాలి?

అరండల్‌పేట_కోడలు

మాది గుంటూరు. ఇంట్లో ఆరుగురం. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఆరేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాప. నెల సరుకులతో వచ్చే పెద్ద ట్యూబే అందరం వాడతాం. పాప పేస్ట్ మింగేస్తోంది. మా పుట్టింటివాళ్లది వినుకొండ వైపు, ఫ్లోరైడ్ పేస్ట్ వాడితే పళ్లు పచ్చబడతాయని అమ్మ భయపెడుతోంది. బాబుకి కింద చివర కొత్త దవడ పన్ను వచ్చింది, గాడిలో సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తోంది. పాల పన్నే కదా, ఊడిపోతుందిలే అని వదిలేయొచ్చా?

మామయ్యగారికి షుగర్. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అక్కడ బ్రష్ ఆనించడం మానేసి ఉప్పుతో రుద్దుతున్నారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయని వెళ్లనంటున్నారు. అత్తయ్యగారికి పైన కట్టుడు పళ్ల సెట్టు, కింద సొంత పళ్లే. మా వారికి చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. "రెండు పూటలా తోముకోండి" అని అందరూ చెబుతారు. అంతకంటే వివరంగా ఎవరైనా చెప్పగలరా?

బ్రాడీపేట_డెంటల్

ట్యూబ్ ఒకటే అయినా ఫర్వాలేదండి, మోతాదు మాత్రం అందరికీ ఒకటి కాకూడదు. ముందు ట్యూబ్ వెనక చిన్న అక్షరాల్లో సోడియం ఫ్లోరైడ్ గానీ సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ గానీ ఉందా, పక్కన ఎన్ని పీపీఎం (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు) అని వేశారో చూడండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంత ఉందో ట్యూబ్ మీద వేయాలి. ఇది నిబంధన. ఆ అంకె కనపడకపోతే ఫ్లోరైడ్ లేనట్టే లెక్కేసుకోండి. ముందువైపు లవంగం, వేప అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, నోరు తాజాగా అనిపిస్తుందే తప్ప పన్ను పుచ్చకుండా కాపాడే సరుకు అందులో లేదు. పిల్లల పేస్టులని అమ్మేవాటిలోనూ కొన్ని 500 పీపీఎం లోపే ఉంటాయి. బొమ్మ బాగుంటుంది, పని తక్కువ.

1000 పీపీఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. పాపకి బియ్యపు గింజంత చాలు, అది సుమారు 0.1 గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా రోజుకి 0.2 మి.గ్రా. మించదు. బాబుకి బఠాణీ గింజంత, పావు గ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా వేస్తే గ్రాము దాకా పోతుంది, అసలు ఇబ్బంది అక్కడ. ట్యూబ్ పిల్లల చేతికివ్వకుండా పెద్దవాళ్లే వేయండి.

మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు, కాకపోతే దాని మూలం నీళ్లలో ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. వినుకొండ, కనిగిరి వైపు కొన్ని బోర్లలో అది దాటుతుంది. 1.5 ఉన్న నీళ్లు పాప రోజుకి లీటరు తాగితే, పేస్ట్ మొత్తం మింగినదానికి ఏడు రెట్ల పైనే లోపలికి పోయినట్టు. పన్ను దవడలో తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఇలా ఎక్కువకాలం సాగితేనే మరకలు పడతాయి. కాబట్టి సెలవులకి అక్కడికి వెళ్లినప్పుడు బోరు నీళ్లు కాకుండా ఆర్వో నీళ్లు పట్టండి. కాచితే పోతుందనుకునేరు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. గుంటూరులో మున్సిపల్ కుళాయికి వచ్చేది కృష్ణ నీళ్లే, దానికి ఈ బెంగ అక్కర్లేదు.

ఇంకోటి. తోముకున్నాక నురగ ఉమ్మేయండి, నీళ్లతో పదేపదే పుక్కిలించకండి. పంటి మీద మిగిలిన ఆ కాస్త ఫ్లోరైడే రాత్రంతా పనిచేసేది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పొద్దుటి పూట కంటే రాత్రి పడుకోబోయే ముందు తోమడమే ముఖ్యం. మన ఇళ్లలో ఎగ్గొట్టేది సరిగ్గా ఆ పూటే.

పాలపళ్ల_డాక్టర్

బాబుది పాల పన్ను కాదండి! ఆరేళ్లకి వచ్చే ఆ మొదటి పెద్ద దవడ పన్ను ఏ పాల పన్నూ ఊడకుండానే, అన్నిటికన్నా వెనక మొలుస్తుంది. అందుకే చాలామంది పొరబడతారు. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఇవి జీవితాంతం ఉండాల్సినవి, ముందు పుచ్చేవీ ఇవే.

కారణాలు రెండు. పంటి మీది గాడులు సన్నగా, లోతుగా ఉంటాయి, బ్రష్ కుచ్చు అడుగు దాకా దిగదు. పైగా పన్ను పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ముందున్న పాల పన్ను కంటే పల్లంలో ఉంటుంది. మామూలుగా ముందుకీ వెనక్కీ తోమితే బ్రష్ దాని మీదుగా దాటిపోతుంది. చివరన బ్రష్‌ని బుగ్గ వైపు నుంచి అడ్డంగా తిప్పి, ఆ ఒక్క పన్ను మీదే పెట్టి పదిసార్లు ఆడించండి. తోమేటప్పుడు బాబు వెనక నిలబడి వాడి తల మీ పొట్టకి ఆనించుకుంటే లోపలంతా కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవాళ్లే తోమాలి. వాణ్ణి తోముకోనివ్వండి, తర్వాత మీరు మరోసారి తోమండి.

గీత సంగతి. గట్టిగా, నున్నగా ఉంటే ఉత్తి మరక కావచ్చు. చుట్టూ సుద్దలా తెల్లగా ఉన్నా, లోపల బూడిదరంగు నీడ కనిపించినా కింద పుచ్చు మొదలైనట్టు. ఇంట్లో గుండుసూదితో గుచ్చి చూడొద్దు, మెత్తబడిన ఎనామిల్ (పంటి పైపొర) విరిగిపోతుంది. డాక్టర్ శుభ్రంగా ఆరబెట్టి చూస్తే తేలుతుంది. పుచ్చు లేకపోతే సీలెంట్ వేయించండి. డ్రిల్లింగ్ ఉండదు, సూది ఉండదు. గాడికి జెల్ పూసి కడిగి, ఆరబెట్టి, పల్చటి రెసిన్ నింపి, నీలం లైటుతో గట్టిపరుస్తారు. పన్నుకి పది నిమిషాలు. తడి తగిలితే అది అతుక్కోదు. చిగురు ఇంకా పన్ను మీద కొంత కప్పి ఉంటే, అప్పటికి గ్లాస్ అయనమర్ అనే తాత్కాలిక పూత వేసి కొన్ని నెలలయ్యాక సీలెంట్‌కి రమ్మంటారు. ఏడాదికోసారి అది ఊడిందేమో చూపించాలి, సగం ఊడిన సీలెంట్ కింద ఆహారం చేరుతుంది.

పాప రాత్రి పాల సీసాతో నిద్రపోతుందా? అలా అయితే ముందు అది మాన్పించండి. పై పెదవి ఎత్తి నాలుగు ముందు పళ్లూ చూడండి. చిగురు అంచు వెంబడి తెల్లటి సుద్ద గీత ఉంటే అది పుచ్చు మొదటి మెట్టు. ఆ దశలో డాక్టర్ చేత ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూయించి, సీసా ఆపితే మళ్లీ గట్టిపడే వీలుంది. గోధుమరంగుకి తిరిగితే ఆలస్యమైనట్టే. కింది పళ్లని నాలుక కాపాడుతుంది, అందుకే పైవి ముందు పోతాయి.

తీపి వద్దని చెప్పను, చెప్పినా ఎవరూ మానరు. బందరు లడ్డు భోజనం చివర తిని నోరు కడుక్కుంటే ఒకసారి యాసిడ్ తయారవుతుంది, అరగంటో ఇంకాస్తో ఉండి తగ్గుతుంది. అదే గ్లూకోజ్ బిస్కెట్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కోటీ ఇస్తుంటే రోజంతా యాసిడే. జీళ్లు, పప్పుచెక్క పంటి గాడుల్లో అంటుకుని గంటల తరబడి ఉంటాయి. దగ్గు సిరప్‌లోనూ చక్కెర ఉంటుందని మర్చిపోకండి, తాగించాక నీళ్లు పట్టండి.

పటమట_పెద్దాయన

ఇన్ని పేస్టులెందుకు, వేప పుల్ల చాలదా? పాతకాలం వాళ్ల పళ్లు రాళ్లలా ఉండేవి.

బ్రాడీపేట_డెంటల్

పొద్దున్న వేప పుల్ల వాడండి సార్, తప్పేం లేదు. చివర బాగా నమిలి కుచ్చు మెత్తబడ్డాకే రుద్దాలి. కానీ వెనక దవడ పళ్లకి లోపలి వైపు, నాలుక పక్కన, అది చేరదు. ఫ్లోరైడూ ఉండదు. రాత్రి పూట బ్రష్, పేస్ట్ తప్పవు. బొగ్గు, కచ్చిక, ఇటుక పొడి మాత్రం పూర్తిగా మానేయాలి. గరుకు వల్ల తెల్లగా కనిపిస్తుంది, నిజానికి పైపొర అరిగి లోపలి పసుపు పొర బయటపడుతుంది. పాతకాలం వాళ్లు పొద్దస్తమానం బిస్కెట్లూ కూల్‌డ్రింకులూ తాగుతూ తింటూ గడపలేదు, తేడా అంతా అందులో ఉంది.

చిగుళ్ల_స్పెషలిస్ట్_బెజవాడ

మామయ్యగారి గురించి. రక్తం వస్తోందంటే అక్కడ పాచి పేరుకుందని అర్థం. అక్కడ తోమడం మానేస్తే ఇంకా పేరుకుంటుంది. మెత్తటి బ్రష్ తీసుకుని, కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద పడేలా 45 డిగ్రీలు వాల్చి, అక్కడక్కడే చిన్నగా ఆడించి పంటి వైపు ఊడ్చాలి. గట్టిగా నొక్కకూడదు. మొదటి రోజుల్లో రక్తం వస్తుంది, వారం పది రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. రెండు వారాలైనా ఆగకపోతే చిగురు కింద గార (గట్టిపడిన పాచి) ఉన్నట్టు, అది బ్రష్‌కి రాదు. ఉప్పు రుద్దితే చిగురు ఒరుసుకుపోతుంది. కావాలంటే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమనండి.

క్లీనింగ్‌తో పళ్లు కదలవు. లోపల ఎముక అప్పటికే కరిగి ఉంటుంది. పడబోయే గోడకి మట్టి దన్నులా గార ఆ పన్నుని ఆపి ఉంచుతుంది. అది తీసేసరికి ఉన్న కదలిక, ఉన్న సందు బయటపడతాయి, నింద క్లీనింగ్ మీదికి పోతుంది. తర్వాత కొన్ని రోజులు జివ్వుమనడం మామూలే.

షుగర్ ఉన్నవాళ్లకి దీన్ని వాయిదా వేయడం మంచిది కాదు. షుగర్ పెరిగితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల వాపు షుగర్‌ని అదుపులోకి రానివ్వదు. చిగుళ్ల జబ్బుకి లోతుగా క్లీనింగ్ చేయించుకున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష అంకె) మూడు నాలుగు నెలల్లో సగటున 0.4 శాతం పాయింట్ల దాకా తగ్గినట్టు తేలింది. ఉదయం పూట, టిఫిన్ తిని, మాత్ర వేసుకున్నాకే వెళ్లమనండి. పరగడుపున వెళ్తే కుర్చీలో షుగర్ పడిపోవచ్చు.

పళ్ల సందులకి అగ్గిపుల్ల, పిన్నీసు వద్దు. సందు బ్రష్‌లు (ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు) అని మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బలవంతం లేకుండా దూరే సైజు ఎంచుకోవాలి. ఒక్కోసారి ముందు పళ్లకి ఒక సైజు, దవడ పళ్లకి ఒకటి కావాలి. రోజుకోసారి, రాత్రి, పేస్ట్ లేకుండా.

ఇంట్లో చుట్ట, ఖైనీ, భోజనం తర్వాత వక్కపొడి అలవాట్లున్నాయా? పొగాకు బోర్డు ఆఫీసున్న ఊరు కాబట్టి అడుగుతున్నా. పొగతాగేవాళ్లకి చిగుళ్లలో రక్తం తక్కువ వస్తుంది, జబ్బు లేదనిపిస్తుంది, లోపల ముదురుతుంటుంది. వక్క రోజూ నమిలితే బుగ్గ లోపలి పొర బిగుసుకుపోతుంది. నోరు మూడు వేళ్ల నిలువు వెడల్పు తెరుచుకోకపోయినా, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ గానీ పుండు గానీ రెండు వారాల్లో మానకపోయినా వెంటనే చూపించాలి.

పాలపళ్ల_డాక్టర్

మిగతా ఇద్దరి సంగతీ చెప్పేస్తా. మీ వారికి గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దే అలవాటు ఉందేమో చూడండి, చిగురు దగ్గర పన్ను గాడి పడుతుంది. నిమ్మరసం, సోడా తాగిన వెంటనే తోమినా అంతే, అరగంట ఆగాలి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ రెండు పూటలా వాడితే రెండు నుంచి నాలుగు వారాలకి గుణం కనిపిస్తుంది. రెండు రోజులు వాడి పనిచేయలేదనకండి. దాన్లో ఫ్లోరైడ్ కూడా ఉందో లేదో చూసుకోండి. ఒకే పన్ను లాగుతున్నా, చల్లదనం పోయాక కూడా నొప్పి ఆగకపోయినా, రాత్రి నిద్ర లేపినా పేస్టుతో పోయేది కాదు, నరం దాకా వెళ్లి ఉండొచ్చు.

అత్తయ్యగారి సెట్టు రాత్రి తీసి, మామూలు నీళ్లలో మునిగేలా ఉంచాలి. వేడినీళ్లు పోస్తే వంగిపోతుంది, ఆరిపోయినా ఆకారం మారుతుంది. పేస్టు గరుకు, ప్లాస్టిక్ మీద గీతలు పడి క్రిములు చేరతాయి. చుక్క డిష్ సోప్ వేసి మెత్తటి బ్రష్‌తో తోమి, బాగా కడగండి. బేసిన్‌లో నీళ్లు నింపి దాని మీద పట్టుకుని తోమితే చేజారినా పగలదు. రోజంతా, రాత్రంతా పెట్టుకునే ఉంటే అంగిలి ఎర్రబడుతుంది, అది ఫంగస్. వదులైతే ఇన్‌స్టంట్ గమ్ లాంటివి పూయకండి, డాక్టర్ లోపల కొత్త పొర వేస్తారు. కింది సొంత పళ్లకి మామూలు తోమడమే.

అరండల్‌పేట_కోడలు

పాప సీసాతోనే పడుకుంటుందండి, ఈ రోజు నుంచే ఆపుతాం. మామయ్యగారు స్టెంట్ తర్వాత యాస్పిరిన్ 75, బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటారు. క్లీనింగ్‌కి రెండ్రోజుల ముందు యాస్పిరిన్ ఆపమంటారా? ఖర్చు తక్కువలో ఎక్కడ చేయిస్తారు?

చిగుళ్ల_స్పెషలిస్ట్_బెజవాడ

ఆపొద్దు. సొంతంగా అసలు ఆపొద్దు. యాస్పిరిన్ ఒక్కటే అయితే క్లీనింగ్‌కి గానీ, మామూలుగా పన్ను తీయడానికి గానీ ఆపాల్సిన పని లేదు. కాస్త ఎక్కువ రక్తం వస్తే కట్టు కట్టే పల్చటి గుడ్డతో నొక్కి ఆపొచ్చు, మూసుకుపోయిన స్టెంట్ అలా కాదు. స్టెంట్ పడి ఏడాది కాకపోతే, లేదా దానితో పాటు ఇంకో రక్తం పల్చన చేసే మాత్ర ఉంటే గుండె డాక్టర్ని అడిగి ఒక ముక్క రాయించుకోండి. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. అలా ఉంటే డెంటిస్టుకి చూపించి, మాత్ర మార్చాలా అని బీపీ డాక్టర్ని అడగండి.

గుంటూరులో జీజీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) దంత విభాగం ఉంది. తక్కెళ్లపాడులో డెంటల్ కాలేజీ ఉంది. విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ, గన్నవరం దగ్గర చినఔటపల్లిలో ఇంకో కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఖర్చు తక్కువ, టైము ఎక్కువ పడుతుంది. ఉదయమే వెళ్లండి. మందుల చీటీ, తాజా షుగర్ రిపోర్టు తీసుకెళ్లండి. బాబు సీలెంట్ కూడా అక్కడే అడగొచ్చు.