అన్ని వర్గాలవారూ కూర్చునే సభలో ఉపన్యాసానికి ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి ఒక ఉపాధ్యాయుడు):
వచ్చే నెల గుడిపాల సమీపంలోని ఒక గ్రామంలో వాననీటి సంరక్షణ గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని నన్ను కోరారు. ముందు వరుసలో మండల అధికారులు, వెనుక మామిడి రైతులు, ఒక పక్కన ఇంటర్మీడియట్ విద్యార్థులు, వారితోపాటు ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలవారూ ఉంటారు. నిరుడు ఇలాంటి సభలోనే నేను కాగితం చూసి చదువుతుండగా సగంమంది లేచి వెళ్లిపోయారు. అవసరమైన విషయం వారికి చేరలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇంతమందికి ఒకేసారి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు 1 (తిరుపతి, విశ్రాంత అధ్యాపకురాలు):
అయ్యా, ఒక్కో వర్గానికి ఒక్కో ముక్క పంచిపెట్టాలని చూడకండి. ఒకరితో మాట్లాడుతున్నంతసేపూ మిగతావారి మనసు ఎటో పోతుంది. అందరూ చూసిన వస్తువు ఒకటి తీసుకుని, విషయమంతా దాని మీదుగానే నడిపించండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, 20 మిల్లీమీటర్ల వానకు ఆ ఎకరం మీద దాదాపు 81 వేల లీటర్లు పడతాయి. ఈ అంకె అధికారులకు సరిపోతుంది కానీ, వేసవిలో చెట్లకు నీళ్లు కొన్న రైతుకు అందదు. ‘ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు మీ తోటలోకి వచ్చాయి, వాటిలో ఎన్నింటిని నిలుపుకున్నారు?’ అని అడగండి. అడిగి, కాసేపు ఆగండి. విద్యార్థులు లెక్క కట్టుకుంటారు, రైతులు తమ తోటను తలచుకుంటారు. వాలుకు అడ్డంగా తీసే కందకాల గురించి, సేద్యపు కుంటల గురించి అప్పుడు చెబితే వింటారు.

ప్రసంగాన్ని ముందుగా పూర్తిగా రాయండి. గట్టిగా చదువుతూ, ఒక్క ఊపిరిలో పలకలేని వాక్యాన్ని రెండుగా విరవండి. సభకు మాత్రం ఐదారు మాటలున్న చీటీ చాలు.

జవాబు 2 (చిత్తూరు):
మన పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల దగ్గర భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు పగటిపూట హరికథ చెప్పేవారిని గమనించారా? పద్యం కోసం వచ్చిన పండితుడూ, పొలం నుంచి నేరుగా వచ్చిన ముసలవ్వా అక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. జనం కునుకుతున్నారని తోచగానే భాగవతార్ పిట్టకథ ఎత్తుకుంటాడు, కానీ దాన్ని తిరిగి అసలు కథలోకే తెచ్చి కలుపుతాడు. ఆ కలపడమే మనం నేర్చుకోవలసింది. తమిళం మాట్లాడేవారి కోసం, చెరువు అన్నచోట ఒకసారి ‘ఏరి’ అని కూడా అనండి. రాని భాషలో వాక్యాలు మాత్రం ప్రయత్నించవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వేదిక మీది పెద్దల పేర్లు చెప్పడానికే రెండు నిమిషాలు పోతాయి. దానికేమి చేయాలి?

జవాబు 1 రాసినవారు:
‘వేదికనలంకరించిన పెద్దలకు, సభకు నమస్కారం’ అనే ఒక్క వాక్యం మర్యాదకు లోటు కాదు. అరగంట ముందే వెళ్లి వెనుక వరుసలో రైతుల మధ్య కూర్చోండి. ఆ ఊరిలో ట్యాంకరు నీటికి ఎంత ఇస్తున్నారో అడిగి తెలుసుకుని, ఆ ధరతోనే మీ మొదటి మాట ప్రారంభించండి.