మేముంటున్న ఇల్లు ఒకప్పుడు పబ్, దీని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

మూలింటివాళ్ళం:
అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లో మిడ్‌లాండ్స్ వైపు ఉంటాం, వరస ఇళ్ళ వీధి చివర మూలమీదున్న ఇల్లు రెండేళ్ళ కింద కొన్నాం. ఇది పాత పబ్ అని ఏజెంటు చెప్పాడు గానీ అప్పుడు లోను గొడవలో పడి పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తుంటే అన్నీ కనిపిస్తున్నాయి, ముందుగోడకి నడుం ఎత్తుదాకా ముదురాకుపచ్చ టైల్స్, మూలని కోసి పెట్టిన గుమ్మం (దాన్ని కిటికీ చేసేశారు), పేవ్‌మెంట్ మీద సెల్లార్‌లోకి పీపాలు దించే చెక్క తలుపులు, పక్క సందులో చిన్న తలుపు మీద అరిగిపోయిన అక్షరాల్లో "జగ్ అండ్ బాటిల్" అని. పక్కింటి పెద్దావిడకి ఎనభై దాటాయి, ఆవిడ పెళ్ళి విందు మా మేడ మీద గదిలోనే జరిగిందట, ఇప్పుడు అక్కడ మా పాప పడుకుంటుంది. ఆ మాట చెప్తూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది, అప్పట్నుంచి నాకు మనసాగట్లేదు.

లైబ్రరీలో 1880ల నాటి కెల్లీస్ డైరెక్టరీ (ఊళ్ళోని వ్యాపారాలు, మనుషుల పేర్లు అచ్చేసిన పాత పుస్తకం) తిరగేశాను, పబ్‌ల పేర్ల లిస్టులో ఇది లేనే లేదు. మరి తర్వాత కట్టారా? ఇంకోటి, మా ఇంటి కాగితాల్లో "ఇకమీదట ఇక్కడ మద్యం అమ్మకూడదు" అని ఒక షరతుంది, అదెందుకో తెలీదు. పబ్ పేరు పెడితే అడ్రస్ బయటపడుతుందని పెట్టట్లేదు, ఏమనుకోకండి.

పాత మ్యాపులు:
లిస్టులో లేనంత మాత్రాన లేదని కాదండి, అందరూ ఇక్కడే ఆగిపోతారు. అది బీర్‌హౌస్ (జిన్ను లాంటివి లేకుండా బీరు అమ్మే ఇల్లు) అయ్యుండొచ్చు. 1830లో బీర్ యాక్ట్ అని వచ్చింది, ఇంటిపన్ను కట్టేవాడెవడైనా ఏడాదికి రెండు గినీలు (రెండు పౌండ్ల పైచిలుకు) ఎక్సైజ్ వాళ్ళకి కట్టేసి సొంతింట్లోనే బీరు కాచి అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేట్ పర్మిషన్‌తో పని లేదు. జనం జిన్ను మానేసి బీరు తాగుతారని ప్రభుత్వం ఆశ. మొదటి ఏడాదే 24 వేల పైచిలుకు తెరుచుకున్నాయి, ముందుగది ఖాళీ చేసి రెండు బెంచీలు వేస్తే అదే బీర్‌హౌస్. 1869లో మళ్ళీ మేజిస్ట్రేట్ల చేతికి తెచ్చారు. వీటిల్లో చాలావాటికి డైరెక్టరీల్లో పబ్ పేరు ఉండదు, మనిషి పేరు, పక్కన "బీర్ రిటైలర్" అని, వీధి పేరు, అంతే. కాబట్టి పేరు వదిలేసి ఇంటిని పట్టుకోండి. అదే డైరెక్టరీలో బీర్ రిటైలర్ల లిస్టు తీసి మీ వీధి ఉందేమో చూడండి.

తర్వాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వేసిన, మైలుకి 25 అంగుళాల లెక్కన ఉండే మ్యాపులు, నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్లో ఇంగ్లండ్‌వి కూడా ఫ్రీగా ఉన్నాయి, ఇంటి మీద పి.హెచ్. అని ఉంటే పబ్, బి.హెచ్. అని ఉంటే బీర్‌హౌస్. అక్కణ్ణుంచి సెన్సస్, 1841 నుంచి 1921 దాకా పేర్లతో చూడొచ్చు, 1931ది మంటల్లో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తీయనే లేదు, ఆ గ్యాప్‌కి యుద్ధం మొదట్లో ఇంటింటా పేర్లు రాసుకున్న 1939 రిజిస్టర్ ఉంది. అసలు నిధి మాత్రం మీ కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఉండే లైసెన్స్ రిజిస్టర్లు, లైసెన్స్ ఎవరి నుంచి ఎవరికి ఏ తేదీన మారింది, ఇల్లు ఎవరిది, ఏ కేసులో ఫైన్ పడింది, అన్నీ వరసగా ఉంటాయి. భర్త పోతే భార్య పేరుకి మారడం చాలాచోట్ల కనిపిస్తుంది, ఆ లైన్లు చదువుతుంటే ఎవరో మన కళ్ళముందే కౌంటర్ వెనక నిలబడ్డట్టుంటుంది.

పాత న్యూస్‌పేపర్లు కూడా మర్చిపోవద్దు. ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే కరోనర్ విచారణ పబ్బులోనే జరిగేది, వీధిలో అంత పెద్ద గది ఇంకోటి ఉండేది కాదు కదా, 1902 చట్టంతో ఆ పద్ధతి తగ్గింది.

బ్రమ్ బాబాయ్:
జగ్ అండ్ బాటిల్ అని చూడగానే రాయాలనిపించింది. లోపల కూర్చోకుండా కూజా తెచ్చుకుని బీరు పోయించుకుని ఇంటికి పట్టుకెళ్ళే తలుపు అది, మా బర్మింగ్‌హామ్‌లో అవుట్‌డోర్ అనేవాళ్ళు. నాన్న కోసం పిల్లలే వచ్చేవాళ్ళు, 1901లో చట్టం తెచ్చి పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి సీలు వేసిన సీసాలో తప్ప ఇవ్వకూడదన్నారు.

నేను 1974లో జూనియర్ డాక్టర్‌గా వచ్చాను. నాకంటే ముందొచ్చిన పంజాబీ ఫౌండ్రీ కార్మికులు చెప్పేవాళ్ళు, బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న స్మెథిక్ వైపు కొన్ని పబ్బుల్లో మనవాళ్ళకి పోసేవాళ్ళే కాదు, కొన్నిట్లో ఒక్క గదిలోనే కూర్చోమనేవాళ్ళు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ స్మెథిక్ వచ్చి ఈ వివక్షని కళ్ళారా చూసి వెళ్ళాడు, ఆ ఏడాదే జాతి వివక్ష మీద రేస్ రిలేషన్స్ యాక్ట్ వచ్చి అలా ఆపడం చట్టవిరుద్ధమైంది. ఇప్పుడక్కడే పంజాబీలు నడిపే దేశీ పబ్బులున్నాయి. మీ పబ్బులో ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని రానివ్వలేదు అన్నది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదమ్మా, అది మనుషుల నోట్లోనే ఉంటుంది. రికార్డ్ ఆఫీసు ఎక్కడికీ పోదు. ముందు ఆ పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆవిడ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చెయ్యి.

కాగితాలపని:
ఆ షరతుని కవనెంట్ అంటారు. 1989లో బీర్ ఆర్డర్స్ అని ప్రభుత్వ ఆదేశాలు వచ్చి పెద్ద బ్రూవరీలు తమ చేతిలో కట్టిపెట్టుకున్న పబ్బుల్లో చాలావాటిని వదులుకోవాల్సొచ్చింది, అవి పబ్ కంపెనీల చేతికెళ్ళాయి. నడవని పబ్బు అమ్మేటప్పుడు కొన్నవాడు మళ్ళీ పబ్ పెట్టి పక్కనున్న తమ పబ్బుకి పోటీ రాకుండా ఈ షరతు రాసేవాళ్ళు. ఎవరు రాయించారో చూడండి, చివరి ఓనరు దొరికినట్టే. పబ్‌ని ఇల్లు చేయాలంటే కౌన్సిల్ ప్లానింగ్ పర్మిషన్ కావాలి కాబట్టి ఆ ఫైలు అడగండి, అందులో బార్ ఎక్కడుండేది, స్మోక్ రూమ్ (బార్ కంటే కాస్త మెరుగ్గా ఉండే గది) ఎక్కడుండేది, పాత డ్రాయింగులు ఉండొచ్చు.

మూలింటివాళ్ళం:
ఏమని థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. బీర్ రిటైలర్ల లిస్టులో దొరికింది, మా వీధే! అదే పేరు 1881 సెన్సస్‌లో కూడా ఉంది, భర్త పోయినావిడ, నలుగురు పిల్లలు, మా ఇంటి నంబరే. అంటే ఈ నాలుగు గోడల మధ్యే ఒక్కర్తే కొట్టు నడుపుకుని నలుగుర్ని పెంచింది.

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే నిన్న పక్కింటావిడ దగ్గర కూర్చున్నాను, గంటన్నర మాట్లాడింది. వాళ్ళ నాన్న రోజూ కూర్చునే కుర్చీ ఏ గోడ పక్కనుండేదో మా ఇంట్లోకొచ్చి చూపించింది, మేం ఫ్రిజ్ పెట్టిన చోటు. మనవాళ్ళని ఇక్కడ రానిచ్చేవాళ్ళా అని కూడా అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ముందువైపు బార్‌లోకి రానిచ్చేవాళ్ళు, స్మోక్ రూమ్‌లోకి కాదు" అంది. గురువారం రికార్డ్ ఆఫీసుకి వెళ్తున్నా, తనూ వస్తానంది.