పెద్దల సినిమా, పిల్లల బొమ్మ: ఈ వ్యాపారాన్ని ఒప్పుకోవాలా?

వేకువ:

మా అబ్బాయికి ఆరేళ్లు. మొన్న స్నేహితుడి ఇంటి నుంచి వస్తూ ఒక బొమ్మ తెచ్చుకున్నాడు. ఆ అబ్బాయి దగ్గర అలాంటివి రెండు ఉన్నాయట, ఒకటి ఇచ్చేశాడట. నోటి నిండా పొడవాటి పళ్లు, చేతిలో గొడ్డలి. ఆ పాత్ర ఏ సినిమాలోదో చూడగానే గుర్తుపట్టాను. చదువుకునే రోజుల్లో ఆ సినిమా చూసి, రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాను. అది పెద్దలకు మాత్రమే అని ధ్రువీకరణ పొందిన సినిమా. మరుసటి రోజు ఆ పిల్లవాడి తల్లి దగ్గర బొమ్మ పెట్టె చూశాను. దాని మీద ‘4 ఏళ్లు, ఆపైన’ అని ఉంది. సినిమా మీదా పెట్టె మీదా ఉన్నది ఒకే సంస్థ గుర్తు.

నా ప్రశ్న ఇదే. పిల్లలు చూడకూడదని తానే ముద్ర వేయించుకున్న కథను అదే సంస్థ పిల్లవాడి చేతికి ఎందుకు అందిస్తోంది?

ఇది ఈనాటిది కాదు. అమెరికాలో సినిమాలకు వయసు వర్గీకరణ 1968 నుంచి ఉంది. అందులో ‘ఆర్’ అంటే 17 ఏళ్లలోపు వారు పెద్దల తోడు లేకుండా చూడకూడదని అర్థం. ఒక మాజీ సైనికుడి పోరాటాలు చూపే రాంబో సినిమాలకు ఆ ముద్రే పడింది. అయినా 1986లో అదే రాంబోతో పిల్లల కార్టూన్ ధారావాహిక తీశారు, బొమ్మలు అమ్మారు. సగం మనిషి, సగం యంత్రమైన పోలీసు కథ ‘రోబోకాప్’ 1987లో వచ్చింది. అందులో హింస ఎంత ఉందంటే, వర్గీకరణ మండలి మొదట అంతకన్నా కఠినమైన ‘ఎక్స్’ ముద్ర వేసింది. కొన్ని దృశ్యాలు కత్తిరించాకే ‘ఆర్’ దక్కింది. మరుసటి ఏడాదికల్లా ఆ పోలీసు పిల్లల కార్టూన్‌లోనూ బొమ్మల అరల్లోనూ ఉన్నాడు. అంతకు కొన్నేళ్ల ముందే, 1984లో, అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ పిల్లల టీవీలో ప్రకటనల నిడివికి ఉన్న హద్దులు ఎత్తేసింది. బొమ్మలు అమ్ముకోవడానికే కార్టూన్లు తీసే కాలం అది.

ఇందులో తప్పేమీ లేదనుకునే వారి మాట వినాలని ఉంది. కోపంతో అడగడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

బొమ్మలపెట్టె:

వేకువ గారూ, నేను అలాంటి బొమ్మలతో పెరిగినవాణ్ణే. నా దగ్గర ఆ రోబో పోలీసు ఉండేవాడు. సినిమా మాత్రం ఇరవై రెండేళ్లు వచ్చాక చూశాను. అప్పటిదాకా మా ఇంట్లో అతను ఎవరినీ కాల్చలేదు. మంచం కింద ఇరుక్కున్న లారీలను బయటికి లాగేవాడు. మా చెల్లి బట్టబొమ్మకు కాపలా కాసేవాడు. ఒక చెయ్యి విరిగితే మా నాన్న తీగ చుట్టి అతికించారు. ఆ తరువాత అతను నా ఆటల్లో యుద్ధంలో గాయపడిన వీరుడయ్యాడు.

పిల్లలు కథను తీసుకోరండీ, ఆకారాన్ని తీసుకుంటారు. దానికి కథ వాళ్లే కట్టుకుంటారు. సినిమాలో ఉన్న రక్తం ప్లాస్టిక్‌లోకి ఇంకదు. జానపద కథల్లో మనం చెప్పే రాక్షసుడి నోట్లోనూ పొడవాటి పళ్లే కదా ఉండేది? భయపెట్టే ఆకారాన్ని గుప్పిట్లో పట్టుకుని, దాన్ని చెప్పినట్టు నడిపించడంలో పిల్లవాడికి ఒక ధైర్యం దొరుకుతుంది. మీ అబ్బాయి ఆ బొమ్మతో ఏం ఆడుతున్నాడో ఒకసారి గమనించండి. తీర్పు ఆ తరువాత చెప్పండి.

తూనిక:

నేను కొన్నేళ్లు ఒక బొమ్మల తయారీ సంస్థలో లైసెన్సుల విభాగంలో, అంటే సినిమా పాత్రలను బొమ్మలుగా చేసే హక్కులు కొనే చోట, పనిచేశాను. ఇద్దరికీ పనికొస్తాయని రెండు సంగతులు చెబుతాను.

మొదటిది, పెట్టె మీద వయసు అంకె. వేకువ గారు దాన్ని చదివినట్టే చాలామంది తల్లిదండ్రులు చదువుతారు. కానీ ఆ అంకెకు కథతో సంబంధం లేదు. చిన్న భాగం ఊడి గొంతులో అడ్డుపడుతుందా, అంచులు కోసుకుంటాయా, ఆ వయసు పిల్లవాడి చేతికి పట్టు దొరుకుతుందా అన్నవే ప్రధానంగా చూస్తారు. మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదం కాబట్టి చిన్న భాగాలున్న వాటి మీద ‘3+’ లేదా ‘4+’ వేస్తారు. గొడ్డలి పట్టుకున్న హంతకుడైనా, గొడుగు పట్టుకున్న కుందేలైనా ఒకే పరీక్ష. ప్లాస్టిక్ గట్టిగా ఉంటే నాలుగేళ్ల పిల్లవాడికి పనికొస్తుందని రాసేస్తారు. ఇందులో అబద్ధం లేదు. కానీ కొనేవాళ్లు దాన్ని ‘ఈ బొమ్మ మీ నాలుగేళ్ల బిడ్డకు తగినది’ అని చదువుతారని అమ్మేవాళ్లకు బాగా తెలుసు. దిద్దే ప్రయత్నం ఎవరూ చేయరు.

రెండోది, కాలం. బొమ్మకు అచ్చులు చేయించి, పోయించి, రంగులు వేయించి దుకాణానికి చేర్చడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అందుకని సినిమా పూర్తి కాకముందే, దానికి ఏ ముద్ర పడుతుందో తెలియకముందే ఒప్పందం మీద సంతకాలు అయిపోతాయి. అమ్మినా అమ్మకపోయినా ఇంత సొమ్ము చెల్లిస్తామని తయారీదారు ముందే హామీ ఇస్తాడు. తీరా సినిమా పెద్దలకు మాత్రమే అని తేలితే, ఆ సొమ్ము రాబట్టుకోవడానికి బొమ్మలు పిల్లల అరలోకే వెళతాయి. మొదటి సినిమా విషయంలో ఈ సాకు కొంత నిజం. రెండో భాగానికి, మూడో భాగానికి ఇదే సాకు చెబితే నేను నమ్మను. అది ఎలాంటి కథో అప్పటికి అందరికీ తెలుసు.

మధ్యాహ్నం గంట:

నేను ప్రాథమిక పాఠశాలలో చదువు చెబుతాను. 2021 చివర్లో పిల్లల ఆటల్లో ఓడిన పెద్దలను చంపేసే ‘స్క్విడ్ గేమ్’ అనే కొరియా ధారావాహికను ప్రపంచమంతా చూసినప్పుడు, మా బడిలో ఎనిమిదేళ్ల పిల్లలు కూడా దాన్ని ఆడారు. ఓడినవాడు నేల మీద పడి చచ్చిపోవాలి. గెలిచినవాడు వేలితో తుపాకీ పెట్టాలి. ఒక పిల్ల పడిపోయి చాలాసేపు లేవలేదు. నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. ‘చచ్చిపోయినవాళ్లు లేవకూడదు టీచర్’ అంది. ఐరోపాలో కొన్ని బడులు తల్లిదండ్రులకు హెచ్చరిక లేఖలు పంపాయని ఆ రోజుల్లోనే చదివాను.

ఆ పిల్లల్లో ఎవరూ ధారావాహిక మొత్తం చూడలేదు. ఫోనులో వచ్చే ముక్కలు చూశారు, అన్నలూ అక్కలూ చెప్పింది విన్నారు. వాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా అమ్మలేదు, ఆ కథ తనంతట తానే వచ్చి చేరింది. కాబట్టి బొమ్మలు ఆపితే సరిపోతుందన్న ఆశ నాకు లేదు.

కానీ నన్ను బాధపెట్టింది ఇంకొకటి. అందులోని మొదటి ఆట పెద్దలు పుట్టించింది కాదు. ఒకరు అటు తిరిగి నిలబడతారు, మిగతావాళ్లు కదులుతారు, తిరిగి చూడగానే కదలకుండా నిలబడిపోవాలి. ఎన్నో దేశాల పిల్లలు ఎప్పటి నుంచో ఆడుకుంటున్న ఆట. పెద్దల కథ దాన్ని తీసుకుని చావును జోడించింది. చావుతో సహా అది తిరిగి పిల్లల దగ్గరికి వచ్చింది. మా బడిలో ఆ ఆట పాత పద్ధతిలో ఆడేవాళ్లు ఇప్పుడు కనిపించడం లేదు. బొమ్మలపెట్టె గారూ, పిల్లలు ఆకారాన్నే తీసుకుంటారన్నారు. మా పిల్లలు కథనే తీసుకున్నారు.

నిలకడ:

నాకు ఈ చర్చలో ఒక భయం ఉంది. ‘పిల్లల కోసం’ అన్న మాటతో మొదలైన నిషేధం ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. కాలిఫోర్నియా రాష్ట్రం హింసాత్మక వీడియో గేములను మైనర్లకు అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. కథల్లోని హింసను వేరుచేసి ప్రభుత్వం అదుపు చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదన్నది తీర్పు సారం. నేను దానితో ఏకీభవిస్తాను.

చట్టం లేకుండానే మార్పు వస్తుందనడానికి లెక్కలున్నాయి. వ్యాపార పద్ధతులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలను మామూలు కొనుగోలుదారుల్లా దుకాణాలకు పంపి పరీక్షించేది. 2000లో పెద్దల గేము అడిగిన పిల్లల్లో 85 శాతం మందికి అమ్మేశారు. 2013 వివరాల్లో అది 13 శాతానికి దిగింది. చట్టం వల్ల కాదు, నలుగురూ చూస్తున్నారన్న జంకు వల్ల.

ఇంట్లోకి ఏది రావాలో తల్లిదండ్రులే చూసుకోవాలి. వేకువ గారికి ఆ బొమ్మ నచ్చకపోతే తీసి పక్కన పెట్టవచ్చు.

వేకువ:

నిలకడ గారూ, పక్కన పెట్టడం నాకూ చేతనవును. కానీ ఒక తల్లి కళ్లు మూసుకుందని కాదు ఈ బొమ్మలు పిల్లల దాకా వస్తున్నది. వాళ్ల కోసం పథకం వేశారు కాబట్టి వస్తున్నాయి. మీరు చెప్పిన అదే కమిషన్ 2000 సెప్టెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. హింస కారణంగా ‘ఆర్’ పొందిన 44 సినిమాలను తీసుకుని వాటి ప్రచార పత్రాలు తిరగేసింది. 35 సినిమాల ప్రచారం 17 ఏళ్లలోపు పిల్లలను గురిపెట్టినట్టు తేల్చింది. 28 సినిమాల పథకాల్లో ఆ వయసు పిల్లలు తమ లక్ష్యమని స్పష్టంగా రాసే ఉంది. పెద్దల గేములు 118 పరిశీలిస్తే 83 అలాంటివే. మీరు చెప్పిన జంకు పుట్టింది ఆ కాగితాలు బయటపడ్డాకే.

కంచే చేను మేస్తుంటే చేను యజమాని జాగ్రత్తగా ఉండాలనడం ఏం న్యాయం?

1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’ వచ్చినప్పుడు మెక్‌డొనాల్డ్స్ సంస్థ పిల్లల భోజనం పెట్టెలో ఆ బొమ్మలు ఇచ్చింది. సినిమా చీకటిగా, క్రూరంగా ఉందని తల్లిదండ్రులు గొడవ చేశారు. పిల్లలను సినిమాకు రప్పించడం తమ ఉద్దేశం కాదని, బ్యాట్‌మన్ పాత్రతో ఆనందించమని మాత్రమే ఇచ్చామని సంస్థ చెప్పుకుంది. బొమ్మలపెట్టె గారి వాదన ఇదే. ఒక పిల్లవాడి ఆట గురించి ఆయన చెబితే నమ్ముతాను. సినిమా విడుదల సమయానికే, సినిమా పేరుతోనే బొమ్మలు పంచినవాళ్లు చెబితే ఎలా నమ్మను?

ఇంకొకటి. ప్రకటన అనేది మనచేత కొనిపించడానికి చెప్పే మాట అని ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పూర్తిగా అర్థం కాదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2004లో తేల్చింది. అంతకు ఎంతో ముందే, కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1980 నుంచి 13 ఏళ్లలోపు పిల్లలకు వాణిజ్య ప్రకటనలే వద్దంది. దాన్ని కెనడా సుప్రీంకోర్టు 1989లో సమర్థించింది. కాబట్టి నిలకడ గారూ, కథను ముట్టుకోకుండా అమ్మకాన్ని మాత్రం ఆపిన చోట్లు ఉన్నాయి. నేను ఏ సినిమానూ నిషేధించమనడం లేదు. పెద్దల ముద్ర పడ్డ కథ పేరుతో పిల్లల కార్యక్రమాల్లో ప్రకటన వేయకూడదు, పిల్లల అరలో పెట్టకూడదు. అంతే అడుగుతున్నాను.

బొమ్మలపెట్టె:

మధ్యాహ్నం గంట గారు చెప్పిన ఆ పిల్ల మాట నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. నా చిన్నప్పుడు సినిమా ముక్కలు చూపించే ఫోను లేదు. ఉంటే నా రోబో పోలీసు లారీలు లాగేవాడా? తెలియదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

అయినా నాలాంటి పెద్దవాళ్ల సంగతి కూడా చూడండి. ఇప్పుడు ఈ బొమ్మలు సేకరించేవాళ్లలో పెద్దలు ఎంతోమంది. 2014లో ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే టీవీ ధారావాహిక బొమ్మలను టాయ్స్ ఆర్ అస్ దుకాణాలు అమ్మకం నుంచి తీసేశాయి. మత్తుమందు తయారుచేసే పాత్ర, చేతిలో మాదకద్రవ్యం సంచి. ఒక తల్లి పెట్టిన వినతిపత్రంతో వ్యవహారం మొదలైంది. ఆ పెట్టెల మీద 15 ఏళ్లు ఆపైన అనే రాశారు, పెద్దల బొమ్మల విభాగంలోనే పెట్టామని దుకాణం చెప్పింది. పిల్లల అరలో పెట్టకూడదన్న మీ షరతు తీరినా బొమ్మ పోయింది. దీనికేమంటారు?

తూనిక:

దానికి నేను చెబుతాను. విభాగం వేరైనా, అది పిల్లల కోసం కట్టిన దుకాణం. అక్కడికి పిల్లవాడి చెయ్యి పట్టుకునే వెళతారు. సేకరించేవాళ్ల కోసం వేరే దుకాణాలున్నాయి, ఆన్‌లైన్ అమ్మకం ఉంది. ధర కూడా ఎక్కువే పలుకుతుంది కాబట్టి తయారీదారుకు నష్టం రాదు. పిల్లల అర కావాలనుకునేది ఎందుకంటే, ఈరోజు బొమ్మ కొన్న పిల్లవాడు పదేళ్ల తరువాత సినిమా టికెట్ కొంటాడన్న లెక్కతో. ఆ లెక్క నా ముందే బల్ల మీద వేసి చూపించారు. అప్పుడు నేను మాట్లాడలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

వయసు అంకె పక్కనే, అదే పరిమాణంలో, మూల కథకు పడిన ముద్ర కూడా అచ్చువేయాలి. ‘4+’ పక్కన ‘పెద్దలకు మాత్రమే’ అని. దానికి ఎవరి స్వేచ్ఛా పోదు.

నిలకడ:

తూనిక గారి షరతు నాకు సమ్మతమే. అది సమాచారం, నిషేధం కాదు. పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల గురించి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను. సినిమాల ముద్రలు ఎప్పుడూ నిష్పక్షపాతంగా పడవు. వాటి మీద ఇంత భారం వేయడం నాకు నచ్చడం లేదు.

బొమ్మలపెట్టె:

వేకువ గారూ, ఇంతకీ ఆ బొమ్మను ఏం చేశారు?

వేకువ:

ఇంట్లోనే ఉంది. మీరు చెప్పినట్టు గమనించాను. రెండు రోజులు దాన్ని కిటికీలో నిలబెట్టి వానకు కాపలా పెట్టాడు. గొడ్డలి కట్టెలు కొట్టడానికట. మీ మాట నిజమేననిపించింది, కాస్త స్థిమితపడ్డాను.

నిన్న రాత్రి పక్కలో పడుకుని అడిగాడు. వాడి దగ్గరున్న ప్రతి బొమ్మకూ నేను కథ చెబుతాను, ఏనుగుకు ఒకటి, రైలుకు ఒకటి. దీని కథ కూడా చెప్పమన్నాడు. ఏదో కట్టెలు కొట్టేవాడి కథ అల్లి చెప్పాను. శ్రద్ధగా విని, ‘ఇది నువ్వు చెప్పింది, అసలు కథ వేరే ఉందట, బొమ్మ ఇచ్చినవాడు చెప్పాడు, పెద్దయ్యాక చూస్తారట’ అన్నాడు. ఎప్పుడు పెద్దవుతానని అడిగి, వేళ్ల మీద లెక్కపెడుతూ నిద్రపోయాడు.