మన సీనియర్‌ని మెచ్చుకోవాలంటే ఎలా చెప్పాలి, కాకా పడుతున్నట్టు అనిపించకుండా?

అందరికీ నమస్తే, ఒక చిన్న సలహా కావాలి. మా టీమ్‌లో ఒక సీనియర్ మేడమ్ ఉన్నారు, కొత్తగా వచ్చినవాళ్ళు మీటింగ్‌లో మాట తడబడితే ఆవిడ వెంటనే కల్పించుకోరు, పెన్ను పక్కన పెట్టి వాళ్ళ వైపే చూస్తూ "నిదానంగా చెప్పు, వింటున్నాం" అంటారు, అంతే, ఆ మనిషికి ప్రాణం లేచొస్తుంది. నాకైతే ఆవిడంటే చాలా గౌరవం అండి, అది ఆవిడకి తెలియాలని నిజంగా ఉంది.

కానీ ఎదురుగా నిలబడితే నోరు పెగలట్లేదు. పైగా ఎవరైనా మెచ్చుకుంటే "పొగిడితే ఆయుక్షీణం" అని మాట మార్చేస్తారు. ఇంకొకటి, ఆవిడ నాకంటే పై పోస్టులో ఉన్నారు కదా, ప్రమోషన్ కోసం సోప్ వేస్తున్నా అనుకుంటారేమో అని కూడా ఉంది.

2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు రీసెర్చర్లు థాంక్స్ చెప్తూ ఉత్తరాలు రాయించి చూశారట, రాసినవాళ్ళు అవతలివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందేమో అని ఎక్కువగా ఊహించుకున్నారు, చదివినవాళ్ళు మాత్రం వీళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు. అది చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

మీరైతే మెసేజ్ పెడతారా, చేత్తో రాసిస్తారా, లేక నేరుగానే చెప్పేస్తారా? "మీరు చాలా గ్రేట్" అనే బదులు ఆ పెన్ను పక్కన పెట్టే సంగతే రాస్తే బాగుంటుందా? మీకెవరైనా ఇలా చెప్పి ఉంటే ఏ మాట మనసులో నిలిచిపోయిందో కూడా చెప్పండి ప్లీజ్.